జలజాక్షి గారి దిగులు

జొన్నలంక పూల మార్కెట్టులో తెల్లవారుతూనే మొదట వినబడేది తాతారావు దగ్గు. అరుగెక్కి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, లోకమంతా వినేలా దగ్గి, "ఆయ్, రండి బాబూ, వేలంపాట మొదలెడుతున్నాం" అంటాడు. అన్నాక మాత్రం కాసేపు ఎవరూ నోరు విప్పరు. గంపల చుట్టూ మూగిన కొనుగోలుదార్లంతా కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి నిలబడతారు. కొత్తవాడెవడైనా చూస్తే దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నారనుకుని చెప్పులు విప్పేస్తాడు. వాళ్ళు వింటున్నది దేవుణ్ణి కాదు. విశాఖపట్నంలో తలుపు వేసిన గదిలో కూర్చున్న జలజాక్షి గారికి కడుపులో ఏమనిపిస్తోందో వింటున్నారు.

హైమ కూడా అలాగే నిలబడింది. మెడ వెనక, జడ మొదట్లో, గవ్వంత బిళ్ళ అతుక్కుని ఉంది. పక్కనే వాళ్ళమ్మ నూకరత్నం. ఆవిడ మెడకీ అదే బిళ్ళ. మాఘమాసం, ముహూర్తాల వారం. బంతులూ చామంతులూ కనకాంబరాలూ గంపలకు గంపలు దిగుతున్నాయి. నూకరత్నం రాజమండ్రిలో ఒక పెళ్ళిపందిరికి పూలు ఒప్పుకుంది.

హైమ కళ్ళు మూసుకుంది. రోజూ అయితే పక్కటెముకల కింద చల్లగా ఏదో జారేది, ఎండలోంచి వచ్చి మజ్జిగ తాగినట్టు. అది 'కొను' అని అర్థం. లేకపోతే తడిగుడ్డ పిండినట్టు పొట్ట ఒకసారి మెలిపడి వదిలేసేది. అది 'వద్దు'.

ఇవాళ మెలిపడింది. వదల్లేదు.

*

హైమకి చిన్నప్పటి నుంచీ నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. బడిలో హాజరు పిలిస్తే ఆ పిల్ల చెయ్యెత్తేది గానీ పలికేది కాదు. మాస్టారు "హైమావతి వచ్చిందా, దాని చెయ్యి మాత్రమే వచ్చిందా?" అనేవారు. అలాంటి పిల్లకి వ్యాపారం మీద మనసు పడింది. ఎలా పడిందంటే, ఫోనులో జలజాక్షి గారి వీడియోలు చూసి.

జలజాక్షి గారు ఒకప్పుడు తలమీద గంప పెట్టుకుని వీధి వీధీ తిరిగి మల్లెపూలు అమ్మిన మనిషి. ఇప్పుడు ఆవిడకి నూనె మిల్లులున్నాయి, శీతల గిడ్డంగులున్నాయి, ఓడల్లో సరుకు పోతుంది. అయినా వీడియోలో నేతచీర కట్టుకుని, పీట మీద కూర్చుని, పక్కింటి అత్తయ్య చెప్పినట్టు చెప్పేది. "గంప దించాక అమ్మకం మొదలవదమ్మా, ఎత్తుకునేటప్పుడే మొదలవుతుంది." హైమ ఆ మాటలన్నీ డైరీలో రాసుకునేది. చదివి చదివి అప్పచెప్పగలిగేది. తీరా పాట దగ్గరికొచ్చేసరికి గొంతు మూసుకుపోయేది. పాఠం వచ్చింది గానీ ధైర్యం రాలేదు. ధైర్యం వీడియోలో దొరికేది కాదు మరి.

అప్పుడు జాడ అనే కంపెనీవాళ్ళు వచ్చారు. మార్కెట్టులో తాతారావు అరుగు పక్క స్తంభానికి ఇనప జాలీలో ఒక పెట్టె బిగించారు. అందరికీ తలా ఒక బిళ్ళ ఇచ్చారు. "ఆవిడ చెప్పింది వినడం కాదండీ, ఆవిడకి అనిపించిందే మీకూ అనిపిస్తుంది. ఆవిడ గదిలో కూర్చుని అన్ని మార్కెట్లూ చూస్తారు. ఆవిడ పొట్టలో నరం ఎలా కదిలితే మీ నరం అలా కదులుతుంది. ఇక మీ ఇష్టం" అన్నారు. ఆ గదిని వీడియోలో చూపించారు కూడా. పాటల వేళంతా ఆ తలుపు మూసి ఉంటుందట. చీమ కూడా తట్టకూడదట. తడితే ఆవిడ మనసు చెదురుతుందట, చెదిరితే లక్షలమంది బేరాలు చెదురుతాయట.

మొదటి రోజే బంతిగంప ముందు నిలబడ్డ హైమకి పొట్టలో మజ్జిగ జారింది. ఎప్పుడు నోరు తెరిచిందో, ఎలా పాడిందో, తనకే తెలియదు. తాతారావు మైకులోనే "ఓర్నాయనో, ఈ పిల్లకి గొంతుందా!" అన్నాడు. మార్కెట్టంతా నవ్వింది. హైమ ఆ రాత్రి డైరీలో ఏమీ రాయలేకపోయింది, అంత సంతోషం.

తర్వాత్తర్వాత తేడా తెలిసింది. బిళ్ళ పాటల వేళ మాత్రమే పనిచేస్తుంది. మిగతా పొద్దంతా మెడ బోసిగా ఉంటుంది. నూకరత్నం ఒకప్పుడు బంతిపువ్వు తీసి, చెవి దగ్గర పెట్టుకుని, తొడిమ తుంచేది. టక్కుమంటే తెల్లారగట్ల కోసిన పువ్వు. మెత్తగా వంగితే నిన్నటిది. రైతు ఎన్ని ఒట్లు పెట్టినా ఆవిడ చెవిని మోసం చేయలేకపోయేవాడు. ఇప్పుడు ఆవిడ పువ్వు ముట్టుకోవడమే మానేసింది. సాయంత్రం కూరల బండి వస్తే వంకాయలు చేతిలో పట్టుకుని అలా నిలబడిపోతుంది, మెడ వెనక చెయ్యి వేసుకుని తడుముకుంటూ.

"తీసుకోవే తల్లీ, అయ్యి వంకాయలు, ఓడలు కాదు" అనేది హైమ నాయనమ్మ వీరాయమ్మ.

వీరాయమ్మ మార్కెట్టు చివర రేకుల షెడ్డు కింద గోనె పరుచుకుని కనకాంబరాలు కట్టేది. బిళ్ళ పెట్టుకోమంటే ససేమిరా అంది. "ఆవిడ కడుపులో ఏవుందో మీకెందుకర్రా? పొద్దున్నే ఆవిడ పెసరట్టు తిందో, ఉపాసం ఉందో! మీ కడుపులో ఏవుందో మీరు సూసుకోండి."

పైగా వీరాయమ్మకి గుండె జబ్బు. రెండేళ్ళ కిందట ఒకరోజు ఛాతీ పట్టేస్తే గ్యాసనుకుని, వరసగా గోలీసోడాలు తాగించారు ఇంట్లోవాళ్ళు. సోడా తాగి తాగి త్రేన్పు రాక, చెమటలు పోసి పడిపోతే, అప్పుడు ఆస్పత్రికి పరిగెత్తారు. డాక్టరు "ఇంకాస్త ఆలస్యమైతే సోడాబుడ్డి పట్టుకుని స్వర్గానికి వెళ్ళేదానివి" అన్నాడట. ఆ మాట ఆవిడ చాలా గొప్పగా అందరికీ చెప్పుకునేది.

ఇంకొక సంగతి. కిందటి కార్తీకంలో పెద్ద గాలివాన వచ్చింది. జాలీలోంచి నీళ్ళు పోయి పెట్టె తడిసింది, మార్కెట్టులో బిళ్ళలన్నీ ఒక్కసారే చచ్చిపోయాయి. అంతకు ముందు ఎన్నిసార్లు సహాయానికి ఫోను చేసినా మరబొమ్మ గొంతే పలికేది. ఆ రోజు మాత్రం వాన వెలిసేలోపే తాతారావుకి కంపెనీ నుంచి మనిషే ఫోను చేశాడు. "మార్కెట్టు మొత్తం జాడ వదిలేసింది, ఏమైందండీ?" అని. తాతారావు అప్పుడే అన్నాడు, "పిలిస్తే పలకరు గానీ, మానేస్తే మాత్రం పరిగెత్తుకొస్తార్రా ఈళ్ళు."

*

పొట్ట మెలిక వదలకపోగా పైకి పాకింది. ఛాతీ మధ్యలో ఎవరో రుబ్బురోలు దొర్లించి పెట్టినట్టుంది. చెయ్యి చల్లబడింది. హైమ కళ్ళు తెరిచి చూసింది. అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. పాలిపోయి, పెదవులు బిగించి. మనుషులంతా ఒకేసారి ఒక అడుగు వెనక్కి వేశారు.

"ధర పడిపోద్ది" అన్నాడొకడు గుసగుసగా.

"పడిపోడం కాదు, మునిగిపోద్ది. ఇంత గట్టిగా ఎప్పుడైనా వచ్చిందా? ఆవిడకేదో తెలిసింది."

"ముహూర్తాలు వాయిదా పడతన్నాయేమో?"

తాతారావు బంతిగంప ఎత్తి చూపించాడు. "బోణీ చెప్పండి బాబూ." ఎవరూ చెప్పలేదు. ధర తగ్గించాడు. ఎవరూ చెప్పలేదు. ఇంకా తగ్గించాడు. జొన్నలంకలో బోణీ పడందే రెండో గంప దించరు. తాతల నాటి కట్టుబాటు అది. గంపలు సైకిళ్ళ మీద, ఆటోల్లో, తలల మీద అలాగే ఆగిపోయాయి.

"ఎండెక్కితే పువ్వు సచ్చిపోద్దండీ" అన్నాడొక రైతు, ఎవరిని బతిమాలాలో తెలియక గాలిని బతిమాలుతున్నట్టు. "రాత్రంతా దీపమెట్టుకుని కోశామండీ."

నూకరత్నం కూతురి చెయ్యి పట్టుకుంది. "పందిరోళ్ళకి పూలు లేవని చెప్పేద్దామే. ఇయ్యాళ కొంటే నాశనమైపోతాం. నీకూ అలాగే ఉందా?"

"ఉందమ్మా. కానీ..."

"కానీ ఏంటి?"

హైమకి చెప్పడం రాలేదు. జలజాక్షి గారి 'వద్దు' ఎలా ఉంటుందో హైమకి బాగా తెలుసు. మెలిపడుతుంది, వదిలేస్తుంది. వ్యాపారం తెలిసినవాళ్ళ భయం పొడుగ్గా ఉండదు, వచ్చి పని చూసుకుని వెళ్ళిపోతుంది. ఇది వెళ్ళడం లేదు. ఆగి ఆగి, అల తర్వాత అలలా, ప్రతిసారీ ఇంకాస్త బరువుగా వస్తోంది. ఇందులో బేరం లేదు. ఏ గంపనీ చూడటం లేదు ఇది.

ఛాతీలో బరువంటే ఏంటో ఎరిగినది ఇంట్లో ఒక్కరే. అమ్మ చెయ్యి విడిపించుకుని హైమ షెడ్డు కింద నాయనమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"నాయనమ్మా, ఇది పెట్టుకుని చూడవే ఒకసారి."

"సీ, నాకొద్దు. ఏవైందే మీకందరికీ, మొహాలకి పసుపు రాసుకున్నట్టున్నాయి?"

"ఒక్కసారే. నీకే తెలుస్తుంది. నాకు భయమేస్తోంది, నీకేమైనా అయితే తీసేస్తాను."

ఏనాడూ ఏదీ అడగని పిల్ల అలా అడిగేసరికి వీరాయమ్మ నార పక్కన పెట్టి కొప్పు పైకెత్తింది. హైమ తన మెడ నుంచి బిళ్ళ పీకి ఆవిడ మెడకి అతికించింది. పీకగానే హైమ ఛాతీ మీద రాయి తొలగిపోయింది. అదే క్షణంలో వీరాయమ్మ చేతిలోంచి కనకాంబరాలు జారిపోయాయి. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి రొమ్ము మీదకి వెళ్ళింది, అక్కడినుంచి ఎడం భుజానికి, భుజం నుంచి దవడకి. దారి తెలిసిన చెయ్యిలా వెళ్ళింది.

"ఎవరి పేణవే ఇది?" అంది వీరాయమ్మ.

"నాయనమ్మా?"

"తీసెయ్. ముందు తీసెయ్." హైమ తీసేసింది. ముసలావిడ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఇది ధరా కాదు, దిగులూ కాదే. ఆ రోజు సోడా తాగిన్నాడు నాకొచ్చిందే ఇది. అచ్చం ఇదే. ఆవిడ సచ్చిపోతందే పిల్లా! అక్కడెవరూ లేరా ఆవిడ పక్కన?"

ఎవరూ లేరు. తలుపు మూసి ఉంది. చీమ కూడా తట్టదు.

*

హైమ కంపెనీ నంబరుకి ఫోను చేసింది. మరబొమ్మ గొంతు తియ్యగా మాట్లాడింది. బిళ్ళ ఛార్జింగు కోసం ఒకటి నొక్కమంది, దురద పెడుతుంటే రెండు నొక్కమంది. మనిషి చచ్చిపోతుంటే ఏది నొక్కాలో చెప్పలేదు.

హైమ అరుగు దగ్గరికి పరిగెత్తింది. "తాతారావు మావయ్యా, అందరినీ బిళ్ళలు తీసెయ్యమని చెప్పండి. మైకులో చెప్పండి."

"ఏంటీ?"

"జలజాక్షి గారికి గుండెనొప్పి. మనం మానేస్తే వాళ్ళు ఫోను చేస్తారు. అప్పుడు చెప్పొచ్చు."

మాట చాలా సన్నగా వచ్చింది. అయినా ముందు వరసవాళ్ళు విన్నారు. ఒకడు నవ్వాడు. "గుండెనొప్పొస్తే ఆవిడకి డాక్టర్లు లేరా? నువ్వు పూలు కట్టుకునే పిల్లవి, నీకు తెలిసిందా?"

"మా నాయనమ్మకి తెలిసిందండి."

"మీ నాయనమ్మ సోడా డాక్టరు కదూ!"

నవ్వులు. ఆ నవ్వుల్లో కూడా ప్రాణం లేదు. అందరి ఛాతీల మీదా రాయి ఉంది. రాయి ఉన్నవాడే గట్టిగా నవ్వాడు. తాతారావు మొహం చెమటతో మెరుస్తోంది. "అమ్మా, ఇలాంటి రోజున బిళ్ళ తియ్యమంటే నన్ను కొడతారు. దిగులుగా ఉన్నప్పుడే కదా అది కావాల్సింది. పో, అమ్మ దగ్గరికి పో."

నూకరత్నం అప్పటికే వచ్చేసింది. "నలుగుర్లో ఏంటే ఈ వేషాలు? రా ఇటు."

హైమ రాలేదు. స్తంభం వంక చూసింది. ఇనప జాలీ లోపల పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది. జాలీకి కంపెనీ తాళం. స్తంభం కింద, పూల మీద చిలకరించడానికి నింపి పెట్టిన నీళ్ళ బకెట్టు ఉంది. అందులో ఒక బంతిరేక తేలుతోంది.

ఆ పిల్ల ఏం చేయబోతోందో తల్లికి ఒక్క క్షణం ముందు అర్థమైంది. "హైమా! వద్దే!" అని కేక పెట్టేలోపే హైమ బకెట్టు రెండు చేతులా ఎత్తి, నీళ్ళన్నీ జాలీ మీదకి విసిరికొట్టింది.

పెట్టెలో చిటపటమంది. పచ్చదీపం ఆరిపోయింది.

మార్కెట్టంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ చప్పుడు హైమ జన్మలో మరచిపోలేదు. వందలమంది, నెత్తిమీద బరువు దించినట్టు, ఒక్కసారే. రాయి పోయింది, దిగులు పోయింది. మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంతసేపూ మోసింది తమది కాదని అప్పటికి తెలిసినట్టు.

తర్వాత కోపం వచ్చింది. కోపం మాత్రం వాళ్ళదే.

"దాని చెయ్యి ఇరగ్గొట్టండ్రా!"

"నూకరత్నం, నీ కూతురేనా ఇది? ఆ పెట్టె ఖరీదు ఎవడు కడతాడు?"

"కళ్ళు పొడిచేసింది, ఇప్పుడెలా కొంటాం?"

ఎవరో హైమ భుజం పట్టుకుని లాగారు. జాకెట్టు చేతి కుట్టు తెగింది. నూకరత్నం మధ్యలోకి దూరింది. ఒక క్షణం ఆవిడ చెయ్యి కూడా లేచింది, కూతుర్ని కొట్టడానికే. లేచిన చెయ్యి, ఆ పిల్ల మొహం చూసి, అడ్డుగా చాచుకుంది. "ముందు నన్ను దాటండి. తర్వాత దాని సంగతి చూద్దురు గాని."

అప్పుడు తాతారావు జేబులో ఫోను మోగింది.

అరుపులు ఆగిపోయాయి. తాతారావు ఫోనెత్తి స్పీకరు నొక్కాడు.

"జొన్నలంక మార్కెట్టేనా? ప్రణీత్‌ని, జాడ నుంచి. ఏమైందండీ? ఒక్కసారే అంతా వదిలేశారు?"

తాతారావు ఫోను హైమ ముందుకు చాపాడు. "ఈ పిల్లనడగండి బాబూ."

హైమ నోరు తెరిచింది. మాట రాలేదు. ఇన్నాళ్ళూ పొట్టలో మజ్జిగ జారితేనే నోరు పెగిలేది. ఇప్పుడు పొట్టలో ఏమీ లేదు, తన గుండె దడ తప్ప. వెనకనుంచి వీరాయమ్మ గొంతు వినబడింది. "సెప్పవే. చెయ్యెత్తితే చాలదు ఇప్పుడు."

"నేనండి... నీళ్ళు పోశాను" అంది హైమ. "జలజాక్షి గారి తలుపు తట్టండి."

"ఏంటి?"

"ఆవిడకి గుండెనొప్పి వచ్చిందండి. తలుపు తట్టండి."

అవతల చిన్న నవ్వు. "చూడమ్మా, మేడమ్ సంకేతం నా తెర మీదే ఉంది. ఇవాళ అద్భుతంగా ఉంది. ఇన్నేళ్ళలో ఇంత బలంగా ఎప్పుడూ లేదు. మొత్తం రాష్ట్రం కొనడం ఆపేసింది. పాటల వేళలో ఆ తలుపు ఎవరూ తట్టరు, నా ఉద్యోగం పోతుంది."

"మీ మెడకి బిళ్ళ ఉందాండి?"

"నాకెందుకు? నేను గీతలు చూస్తాను."

"ఒకసారి పెట్టుకోండి. గీతలో బలం ఒక్కటే కనబడుతుందండి. ఎందుకు వచ్చిందో కనబడదు. పెట్టుకుని, మీకు చెయ్యాలనిపించిందే చెయ్యండి. నేనింకేమీ అడగను."

అవతల సొరుగు లాగిన చప్పుడు. మార్కెట్టులో ఒక్కడూ కదల్లేదు. గంపల మీద ఎండ పడింది. ఎవరూ నీడకి జరపలేదు.

ఫోనులోంచి ఒక మూలుగు వచ్చింది. "అమ్మా..." అన్నాడు ప్రణీత్, ఎవరినీ పిలవకుండా. ఆ వెంటనే కుర్చీ పడిన చప్పుడు, పరుగు, తలుపు మీద గుద్దులు. "మేడమ్! మేడమ్! తలుపు తీయండి! బద్దలుకొట్టండ్రా!" ఏదో విరిగింది. ఎవరో అరిచారు. ఫోను తెగిపోయింది.

*

ఏమైందో తెలియదు. తాతారావు మళ్ళీ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఇందాక హైమ భుజం లాగినవాడు తెగిన కుట్టు వంక చూసి, తల దించుకుని తన గంపల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎండ ఆగదు కదా. తాతారావు గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఆవిడ సంగతి ఆ దేవుడు చూసుకుంటాడు. ఈ పువ్వుల సంగతి మనం చూడాలి. బోణీ చెప్పండి."

చేతులన్నీ మెడల వెనక్కి వెళ్ళాయి. తడుముకున్నాయి. బిళ్ళలున్నాయి, కదలిక లేదు. ఏళ్ళ తరబడి పూలు కొన్న మనుషులు, బంతిపువ్వుని మొదటిసారి చూస్తున్నవాళ్ళలా చూస్తున్నారు. నూకరత్నం గంప ముందు నిలబడి ఉంది, సాయంత్రం వంకాయల ముందు నిలబడ్డట్టే.

హైమ వంగి ఒక పువ్వు తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని తొడిమ తుంచింది.

టక్.

ఇంకొకటి తుంచి, తల్లి చెవి దగ్గర పెట్టింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల ఊపింది.

హైమ ధర చెప్పింది. తాతారావు మొదట చెప్పిన ధర, తగ్గించకముందుది. గొంతు వణికింది. ఇంత భయం బిళ్ళ ఉన్నప్పుడు ఎప్పుడూ వేయలేదు. తప్పేమో, నాశనమైపోతామేమో, అందరూ నవ్వుతారేమో. అన్ని భయాలూ తనవే, ఒక్కటీ అరువు కాదు.

"బోణీ!" అని అరిచాడు తాతారావు. రెండో గంప దిగింది.

*

జలజాక్షి గారు బతికారు. ఆ కబురు మధ్యాహ్నానికి వచ్చింది. తలుపు బద్దలుకొట్టేసరికి ఆవిడ తెరల ముందు కుర్చీలోనే ఒరిగిపోయి ఉందట. పక్కన బల్ల మీద సగం తాగిన సోడా ఉందట. సోడా మాట విని వీరాయమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి, ఏడ్చింది.

కంపెనీ ఊరుకోలేదు. కొత్త పెట్టె బిగించి, కొత్త మనిషిని అనుసరించమంది. ఎవరో బట్టల వ్యాపారి, చిన్నవాడు, గుండె గట్టిదని డాక్టరు కాగితం కూడా చూపించారు. సగం మార్కెట్టు బిళ్ళలు మళ్ళీ పెట్టుకుంది. వాళ్ళని తప్పుపట్టడం దేనికి? భయం మొయ్యడం అందరివల్లా కాదు. నూకరత్నం పెట్టుకోలేదు. కానీ ఇప్పటికీ ఒక్కోసారి చెయ్యి మెడ వెనక్కి పోతుంది, పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు.

ఒకరోజు పొద్దున్న, పాట ఇంకా మొదలవకముందు, నూకరత్నం ఫోను మోగింది. హైమని పిలవమన్నారు.

"నేనమ్మా, జలజాక్షిని." గొంతు వీడియోలోలా లేదు. పలచబడిపోయింది. హైమ అరుగు అంచున కూర్చుంది.

"ఎలా ఉన్నారండీ?"

"ఉన్నాను. నీకొక మాట చెప్పాలని చేశాను. ఆ రోజు నేనేమనుకున్నానో తెలుసా? నేనూ మార్కెట్టు పడిపోతుందనే అనుకున్నాను."

హైమకి అర్థం కాలేదు. "మీకు నొప్పి తెలియలేదాండీ?"

"తెలిసింది. ముందు గ్యాసనుకున్నాను. తర్వాత, ఛాతీ నలిగిపోతుంటే, ఇవాళ ఏదో పెద్ద దెబ్బ తగలబోతోంది, ఎవరూ కొనకూడదు అనుకుంటూ తెరల్లో వెతుకుతూ కూర్చున్నాను, ఏ సరుకు పడుతోందా అని. ఎన్నేళ్ళ నుంచో నాకేమనిపించినా అది ధర గురించే అనుకోవడం అలవాటైపోయిందమ్మా. మీరందరూ నన్ను అనుసరించారు. నేను ఆ తెరల్ని అనుసరించాను. నొప్పిని నొప్పి అనడం మర్చిపోయాను."

హైమ ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా నొక్కుకుంది. అవతల ఆవిడ ఊపిరి వినబడుతోంది. సన్నగా, ఆగకుండా.

"ఇప్పుడు ఎలా పాడుతున్నావు?" అంది జలజాక్షి గారు.

"వణుకుతూనేనండి. ఒక్కోరోజు తప్పుతున్నాను."

"నేనూ గంప ఎత్తుకున్న కొత్తలో వణికేదాన్ని. అది ఎలా ఉండేదో ఇప్పుడు ఎంత వెతుక్కున్నా దొరకడం లేదు." తర్వాత, "ఇవాళ బంతులు ఎలా వచ్చాయి?" అని అడిగింది.

హైమ పక్కనున్న గంపలోంచి ఒక పువ్వు తీసింది. చెవి దగ్గరికి తీసుకోబోయి ఆగింది.

"ఉండండి. మీరే చెప్పండి" అని, ఫోను దగ్గరగా పట్టుకుని తొడిమ తుంచింది.